నెల్లూరులో కొన్న రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్: దుకాణానికి మూడు స్టార్లు, బిల్లుకు ఒకటే

నేను కావలిలో దస్తావేజులు రాసుకుని బతికే మనిషిని. ఎదుటివాళ్లు సంతకం పెట్టబోయే ప్రతి కాగితాన్నీ, నాలుగు హద్దుల దగ్గర నుంచి సాక్షుల ఇంటిపేర్ల దాకా, రెండుసార్లు చదివి వినిపించడం ముప్పై ఏళ్లుగా నా వృత్తి. అలాంటి నేను సంక్రాంతికి ముందు వారం నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక దుకాణంలో 24,500 రూపాయలు పెట్టి రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్, అంటే ఒకరు వాడేశాక బాగుచేసి మళ్లీ అమ్మేది, కొని, వాళ్లిచ్చిన బిల్లును మాత్రం చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాను. ఆ తర్వాత నెలన్నర పాటు జరిగినదంతా ఆ మడత విప్పి చదువుకోవడమే. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. అటువంటివే మరో మూడు దుకాణాల బిల్లులు తెలిసినవాళ్ల దగ్గర తెప్పించి చూశాను. అన్నింటి అడుగునా వాపసు లేదనే అదే రబ్బరు స్టాంపు ఉన్నప్పుడు ఒక్కరి పేరు పట్టుకుని వీధికెక్కించడం న్యాయం కాదనిపించింది.

ముందు మంచి చెప్పాలి. మేడ మీద రెండు గదుల దుకాణం, గోడ పొడవునా అరల్లో యాభై అరవై యంత్రాలు, వాటిలో ఎక్కువ భాగం బెంగళూరు, చెన్నై కంపెనీలు ఉద్యోగులకు ఇచ్చి మూడు నాలుగేళ్ల తర్వాత మూకుమ్మడిగా వదిలించుకున్న ఆఫీసు మోడళ్లు. కౌంటరులో ఉన్న కుర్రవాడికి సరుకు తెలుసు. ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న దానిని నేను ధర తక్కువని చేతిలోకి తీసుకుంటే, "అది వద్దు సార్, విండోస్ పదికి 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోయింది, దీంట్లో పదకొండు అధికారికంగా ఎక్కదు, ఎనిమిదో తరం నుంచే చూడండి" అని తనంతట తానే చెప్పాడు. అమ్ముకునే చోట ఇంత నిజం చెప్పే మనిషి దొరకడం తక్కువ. నేను అడిగింది కూడా పెద్దది కాదు. అనూ అనే తెలుగు ఫాంట్లలో దస్తావేజు టైపు చేయాలి, స్కాను చేసిన కాగితాలు తెరవాలి, కరెంటు పోయినప్పుడు గంటన్నర నిలవాలి. ఎనిమిదో తరం ఐ5, 16 జీబీ ర్యాం, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న పద్నాలుగు అంగుళాల యంత్రం చూపించి, బ్యాటరీ ఎంత ఉందని అడిగితే "తొంభై శాతం హెల్త్ సార్" అన్నాడు, అంటే కొత్తప్పటి సామర్థ్యంలో తొంభై శాతం ఇంకా ఉందని. అంతకు ముందు రోజే వాట్సాప్‌లో ధర కనుక్కున్నప్పుడు అదే మాట రాసి పంపాడు. ఆ ఒక్క సందేశం తర్వాత నాకు ఎంత ఆసరా అయిందో ముందు ముందు చెబుతాను.

తొమ్మిదో రోజు ఒక విక్రయ దస్తావేజు సగంలో ఉండగా తెర నల్లబడింది. మూత కొంచెం ముందుకు వంచితే వెలుతురు వచ్చింది, వెనక్కి నెడితే పోయింది. నిటారుగా ఉన్నంతసేపే అది బాగుంటుంది. మనం చదవడానికి వీలుగా కాస్త వాల్చగానే గీతలు పడి ఆరిపోతుంది. అదే రోజు సాయంత్రం కరెంటు పోయినప్పుడు బ్యాటరీ నలభై శాతం చూపిస్తూ చూపిస్తూ ఒక్కసారిగా కట్టేసింది. మా వీధిలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాణ్ణి పిలిస్తే, అతను తెర మీద ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ ఒకటి తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అనే ఆదేశంతో బ్యాటరీ రిపోర్టు తీశాడు. తయారైనప్పటి సామర్థ్యం 60,000 మిల్లీవాట్ అవర్లు, ఇప్పుడు పూర్తిగా నింపితే పట్టేది 26,400. అంటే నలభై నాలుగు శాతం. తొంభైకీ నలభై నాలుగుకీ మధ్య ఉన్న తేడా వాడుక వల్ల తొమ్మిది రోజుల్లో వచ్చేది కాదు. తెర సంగతికి వస్తే, మూత మడతబందు గుండా తెరకు పోయే కేబులు నలిగిందని అతని అంచనా.

తర్వాత అతను యంత్రాన్ని బోర్లా తిప్పి అడుగున ఉన్న స్టిక్కరు మీద సీరియల్ నంబరు చదివాడు. మళ్లీ తిప్పి, ఆన్ అయ్యేటప్పుడు ఒక మీట నొక్కి, మదర్‌బోర్డులోనే ఉండే బయోస్ అనే మూల ప్రోగ్రాము తెరిచి, అక్కడ కనిపించిన నంబరు చదివాడు. రెండూ వేరు. ఒక యంత్రం మదర్‌బోర్డుకు ఇంకో యంత్రం అడుగు మూత బిగించారన్నమాట. రీఫర్బిష్డ్ సరుకులో ఇది మామూలేనట, అదే నేరమేమీ కాదట. కానీ బిల్లులో ఏ నంబరు వేశారన్నది చూడాలన్నాడు. అప్పుడు మడత విప్పాను. బిల్లులో ఏ నంబరూ లేదు. "ల్యాప్‌టాప్ యూజ్డ్ – 1" అని ఉంది, మొత్తం ఉంది, తేదీ ఉంది, "ఆరు నెలల వారంటీ" అని ఉంది, దాని కింద చిన్న అక్షరాల్లో "డిస్‌ప్లే, బ్యాటరీ, అడాప్టర్, కీబోర్డులకు వారంటీ వర్తించదు" అని ఉంది, అన్నిటికన్నా అడుగున ఊదా రంగు సిరాతో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న స్టాంపు ఉంది. సర్వే నంబరు లేకుండా పొలం రాయించుకున్నవాడిలా ఉంది నా పరిస్థితి.

ఇక్కడ కొంచెం ఆగి చట్టం సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే దుకాణంలో జరిగిన వాదమంతా దాని చుట్టూనే తిరిగింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. 1986 నాటి పాత చట్టం స్థానంలో ఇది 2020 జూలై నుంచి అమలులోకి వచ్చింది. డబ్బిచ్చి సరుకు కొన్నవాడు వినియోగదారుడు అని చెప్పిందే తప్ప, ఆ సరుకు కొత్తదై ఉండాలని ఈ చట్టం ఎక్కడా అనలేదు. పాత వస్తువుకు పాతదనం సహజం కాబట్టి మూత మీద గీతలు, అరిగిన మీటలు లోపం కింద రావు. చూసి కొన్నప్పుడు కంటికి కనబడేవాటి గురించి తర్వాత గొడవపడలేమని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం కూడా చెబుతుంది. కానీ మడతబందు లోపల నలిగిన కేబులు కౌంటరు ముందు నిలబడి చూసేవాడికి కనబడదు. తొంభై శాతం అని రాసిచ్చి నలభై నాలుగు అంటగట్టడం అసలు పాతదనానికి సంబంధించిన విషయమే కాదు, నాణ్యత గురించి తప్పు చెప్పి అమ్మడం. దానిని చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ జాబితాలో ఉంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే ముప్పై రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం కూడా అందులోనే ఉంది. ఆ చివరి మాటను నేను మూడుసార్లు చదివాను. నా బిల్లు మీద వాపసు గడువంటూ ఏదీ లేదు. "తీసుకోబడదు" అన్నది గడువు కాదు, నిరాకరణే. కాబట్టి ముప్పై రోజుల లెక్క నాకు వర్తిస్తుందని నేను అర్థం చేసుకున్నాను, అందులో అప్పటికి తొమ్మిది గడిచాయి.

పదో రోజు తెర ఆరిపోవడం వీడియో తీసి, బ్యాటరీ రిపోర్టుతో సహా వాట్సాప్‌లో పంపాను. ఫోనులో చెప్పిన మాట గాలికి పోతుంది. పంపిన సందేశానికి తేదీ, సమయం ఉంటాయి. "తెచ్చివ్వండి సార్, చూద్దాం" అని జవాబు వచ్చింది. పన్నెండో రోజు పినాకిని రైల్లో వెళ్లి ఇచ్చాను. యంత్రం తీసుకుని కుర్రవాడు లోపల పెట్టేయబోతుంటే, "అబ్బయా, తీసుకున్నట్టు కాగితం రాసివ్వు" అన్నాను. తమ దగ్గర అలాంటి పద్ధతి లేదన్నాడు. అయితే నేనే రాస్తాను, నువ్వు సంతకం పెట్టు అని, బిల్లు నంబరు, బయోస్‌లోని సీరియల్ నంబరు, మూత మీది నంబరు, రెండు లోపాలు, తేదీ ఒక తెల్ల కాగితం మీద రాసి ముందుంచాను. కాసేపు తటపటాయించి దుకాణం స్టాంపు వేసి సంతకం పెట్టాడు. బిల్లులో లేని సర్వే నంబరు ఆ విధంగా నా దస్త్రంలోకి వచ్చింది. రిపేరుకు ఇచ్చేవాళ్లెవరైనా ఈ ఒక్క పని చేసి తీరాలని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే రేపు "ఇది మా దగ్గర కొన్నది కాదు" అన్న మాట వస్తే నంబరు లేని బిల్లు మిమ్మల్ని కాపాడదు.

ఆరు రోజుల తర్వాత యంత్రం తిరిగి వచ్చింది, రెండు రోజులు బాగుంది, ఇరవయ్యో రోజు మళ్లీ నల్లబడింది. బ్యాటరీ మార్చనే లేదు. ఇరవై ఒకటో రోజు నేను రిపేరు అడగడం మానేసి డబ్బు అడిగాను.

యజమాని అప్పుడు మొదటిసారి కనిపించాడు. నా కన్నా పదేళ్లు చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు, టీ తెప్పించాడు. "అన్నా, డిస్‌ప్లేకి వారంటీ లేదని బిల్లులోనే ఉంది కదా, ఏంది మీరు చదువుకున్నోళ్లు కూడా" అన్నాడు. కేబులు డిస్‌ప్లే ఎట్లా అవుతుందని నేను అడగవచ్చు, అడిగాను కూడా, కానీ అసలు జవాబు అది కాదు. వారంటీ అనేది దుకాణం తనంతట తాను అదనంగా ఇచ్చే మాట. దానిలో ఏది కలపాలో ఏది తీసేయాలో వాళ్ల ఇష్టం. అమ్మిన నాటికే లోపమున్న సరుకు గురించి కొన్నవాడికి ఉన్న హక్కు ఆ వారంటీ నుంచి పుట్టలేదు, చట్టం నుంచి పుట్టింది, దానిని చిన్న అక్షరాలతో చెరిపేయలేరు. డిస్‌ప్లే, బ్యాటరీ, అడాప్టర్, కీబోర్డు పోతే ల్యాప్‌టాప్‌లో ఇక వారంటీ మిగిలింది దేనికని కూడా అడగాలనిపించింది గానీ టీ తాగుతూ ఆ మాట అనలేకపోయాను.

పక్కనే కూర్చున్న ఆయన బావమరిది ఇంకో అస్త్రం తీశాడు: మీరు దీనితో వ్యాపారం చేసుకుంటున్నారు, వ్యాపారానికి కొన్నవాడు వినియోగదారుడు కాడు, కోర్టుకు వెళ్లినా నిలవదు అన్నాడు. ఇది చాలామందిని వెనక్కి పంపే వాదం, సగం నిజం కూడా. వాణిజ్య ప్రయోజనానికి కొన్నవాణ్ణి చట్టం పక్కన పెట్టిన మాట వాస్తవమే. అయితే స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొని తానే వాడుకునేవాడికి అది వర్తించదని అదే సెక్షనులో వివరణ ఉంది. దస్తావేజు లేఖరి, టైలరు, జిరాక్సు దుకాణం పెట్టుకున్న అమ్మాయి, వీళ్లంతా ఆ వివరణ కిందికి వస్తారు. యాభై ల్యాప్‌టాప్‌లు కొని ఆఫీసు పెట్టే కంపెనీ సంగతి వేరు.

వాళ్లు చివరకు ఇస్తామన్నది అదే ధరలో ఇంకో యంత్రం, లేదా ఎప్పుడైనా వాడుకునేలా ఒక క్రెడిట్ చీటీ. ఇలాంటి ఫిర్యాదులు విచారించే జిల్లా వినియోగదారుల కమిషన్ ఇవ్వగల ఉత్తర్వులలో లోపం సరిచేయడం, లోపం లేని అదే రకం సరుకు ఇవ్వడం, ధర వాపసు ఇవ్వడం, నష్టపరిహారం, ఖర్చులు అన్నీ ఉన్నాయి; చీటీ మాత్రం లేదు. మార్పిడికి నేను ఒప్పుకోవచ్చు గానీ, ఒకసారి బాగుచేశామని చెప్పి చేయకుండా ఇచ్చినవాళ్ల దగ్గర వెంటనే ఇంకొకటి తీసుకోబుద్ధి కాలేదు. రెండూ వద్దని చెప్పి లేచాను.

ఆ సాయంత్రమే 1915కు ఫోను చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు రాసుకుని నంబరు ఇచ్చారు. కానీ దాని పరిమితి తెలుసుకుని చేయాలి. వ్యాజ్యానికి ముందు రాజీ కోసం ఫిర్యాదును ఎదుటివారికి చేరవేసే ఏర్పాటు తప్ప, ఉత్తర్వు ఇచ్చే అధికారం దానికి లేదు. పెద్ద ఆన్‌లైన్ కంపెనీల విషయంలో దాని ఫలితం నేను విన్నంతలో బాగానే ఉంది. మేడ మీది చిన్న దుకాణం మీద నా అనుభవంలో పెద్దగా పనిచేయలేదు.

ఇరవై నాలుగో రోజు నోటీసు రాశాను. ఫిర్యాదుకు ముందు నోటీసు ఇచ్చి తీరాలని చట్టం అనదు, లాయరే రాయాలని అసలే లేదు. అయినా నోటీసు వల్ల రెండు పనులు జరుగుతాయి: మన వాదం మనకే స్పష్టపడుతుంది, ఎదుటివారికి మనం ఊరికే అరవడం లేదని తెలుస్తుంది. కొన్న తేదీ, వాట్సాప్‌లో రాసిన తొంభై శాతం, రిపోర్టులోని నలభై నాలుగు, సంతకం పెట్టిన రిపేరు కాగితం, మళ్లీ వచ్చిన లోపం, కావలి కుర్రవాడు పరీక్షించి రాసిచ్చిన చీటీ, ముప్పై రోజుల నిబంధన, పదిహేను రోజుల్లో 24,500 తిరిగి ఇవ్వాలన్న కోరిక, అంతే, ఒకటిన్నర పేజీ. తిట్టు ఒక్కటీ లేదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపుదామని తపాలా ఆఫీసుకు వెళ్తే, అది 2025లోనే స్పీడ్ పోస్టులో కలిసిపోయిందని గుర్తు చేశారు. నా వృత్తిలో రిజిస్టర్డ్ పోస్టు అన్న మాటకు ఉన్న బరువు ఇంక దేనికీ లేదు, కొంచెం బాధేసింది.

నోటీసుకు లొంగకపోతే ఏం చేయాలో కూడా సిద్ధం చేసుకున్నాను కాబట్టి అది కూడా చెబుతాను. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి, అయిదు లక్షల దాకా ఫీజు లేదు. కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి. దుకాణం ఎక్కడున్నా మనం నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చన్నది కొత్త చట్టం తెచ్చిన పెద్ద సౌకర్యం. నాకు ఎలాగూ నెల్లూరే గానీ, ఒంగోలులో ఉండి బెంగళూరు దుకాణం నుంచి తెప్పించుకున్నవాడు బెంగళూరు పోనక్కరలేదు, ఒంగోలులోనే వేసుకోవచ్చు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. ఒకటి మాత్రం జాగ్రత్త. పరీక్ష లేకుండా లోపం తేలదని అనుకుంటే కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపవచ్చు, ఆ ఖర్చు ముందు మనమే కట్టవలసి రావచ్చు. చట్టం చెప్పిన కాలపరిమితి పరీక్ష అవసరం లేని కేసులకు మూడు నెలలు, అవసరమైన వాటికి అయిదు. అనుకున్నంత వేగంగా అన్నీ తేలతాయని ఆశపడకండి. ఇంకొకటి, బిల్లులోని షరతులే ఏకపక్షమని, ఆ ఒప్పందాన్నే కొట్టేయమని అడిగే వాదం జిల్లా కమిషన్ పరిధిలోకి రాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. అందుకని స్టాంపు మీద కోపాన్ని పక్కన పెట్టి లోపం మీద, తప్పుడు మాట మీద ఫిర్యాదు నిలబెట్టుకోవడం తెలివైన పని.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ల దారి కొంత సులువు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సంస్థకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, నలభై ఎనిమిది గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. లోపమున్న వస్తువునూ, చెప్పిన వివరాలకు సరిపోని వస్తువునూ అమ్మకందారు వెనక్కి తీసుకోను అనడానికి లేదు.

నోటీసు అందిన పదకొండో రోజు యజమాని ఫోను చేశాడు. వాడుక కింద రెండు వేలు తీసుకుని మిగతాది ఇస్తానన్నాడు. నా చేతిలో అది సరిగ్గా నడిచిన రోజులు పదకొండో పన్నెండో. మిగతావి దుకాణంలోనో, నల్లబడిన తెరతోనో గడిచాయి. దేనికి రెండు వేలు అని అడిగాను. సరే రమ్మన్నాడు. వెళ్లిన రోజు యంత్రం, అడాప్టరు, సంచీ తీసుకుని మొత్తం 24,500 నా ముందే యూపీఐలో పంపాడు. ప్రయాణ ఖర్చులు, పరీక్ష చీటీకి ఇచ్చిన మూడు వందలు అడగలేదు. అడిగే హక్కు ఉంది. వాటి కోసం ఇంకో రెండు నెలలు నడవడానికి నాకు ఓపిక లేకపోయింది. లెక్క తీరిందని ఒక కాగితం రాసి ఇద్దరం సంతకాలు చేశాం, ఆ రాత కూడా నాదే.

ఇక మార్కుల విషయం. సరుకు ఎంపికకు, కుర్రవాడి పరిజ్ఞానానికి, ధరకు నేను ఆ దుకాణానికి అయిదింటిలో మూడు స్టార్లు ఇస్తాను; అదే రకం యంత్రానికి ఊళ్లో మరో రెండు చోట్ల మూడు నాలుగు వేలు ఎక్కువ అడిగారు. రిపేరు పేరుతో ఆరు రోజులు ఉంచుకుని బ్యాటరీ ముట్టుకోకపోవడానికి మిగతా రెండిటిలో ఒక స్టారు తీసేశాను. నోటీసు వచ్చేదాకా కదలకపోవడానికి ఇంకొకటి. బిల్లుకు విడిగా మార్కు వేయాల్సి వస్తే, తేదీ సరిగ్గా వేసినందుకు ఒకటి.

రెండు వారాల తర్వాత ఇంకో యంత్రం కోసం మళ్లీ అదే మేడ ఎక్కాను. మా ఆవిడ నవ్వింది, నవ్వనీ. ఈసారి గంట కూర్చున్నాను. మూత వంద సార్లు తెరిచి మూశాను, బ్యాటరీ రిపోర్టు అక్కడే తీయించాను, ఎనభై ఒక్క శాతం వచ్చింది, బయోస్ నంబరు, అడుగు నంబరు కలిశాయి. తర్వాత బిల్లు రాయడానికి కుర్రవాడు పుస్తకం తెరిస్తే, నేను చెబుతాను నువ్వు రాయి అన్నాను: రీఫర్బిష్డ్ అని, మోడల్ పేరు, సీరియల్ నంబరు, ప్రాసెసర్, ర్యాం, బ్యాటరీ సామర్థ్యం కొన్న రోజు నాటికి ఇంత అని, వాపసు గడువు ముప్పై రోజులని. అలవాటు కొద్దీ వాడు అడుగున ఊదా స్టాంపు గుద్దేశాడు. నేను పెన్ను తీసి ఆ వాక్యం మీద అడ్డగీత గీసి, కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టమని బిల్లు యజమాని ముందుకు జరిపాను. ఆయన ఒకసారి బిల్లు వంక, ఒకసారి నా వంక చూసి, సంతకం పెడుతూ, "తూర్పు హద్దు, పడమర హద్దు కూడా రాయించమంటావా అన్నా" అన్నాడు.